దాయాదుల వాద్యం

'ఫ్యూజన్' అన్నంత సోమరిమాట సంగీతవిమర్శలో మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. రెండు దేశాల వాద్యాలు ఒక వేదిక మీద కనబడగానే ఆ మాట పడేస్తే సరి, ఇక వినవలసిన శ్రమ ఉండదు. వినకుండానే మెచ్చుకోవచ్చు, వినకుండానే తెగడవచ్చు. రుద్రేష్ మహంతప్ప, కద్రి గోపాల్‌నాథ్ గార్లు కలిసి వాయించగా 2008లో అమెరికాలో పై రికార్డింగ్స్ వారు వెలువరించిన 'కిన్స్‌మెన్' అనే జాజ్ ఆల్బమ్‌కు ఈ రెండు గతులూ పట్టాయి. అక్కడ నెత్తిన పెట్టుకున్నవారూ, ఇక్కడ ముఖం చిట్లించినవారూ ఒకే మాట వాడి చేతులు దులుపుకున్నారు. అందుకే ఈ టపా.

'నీకు జాజ్ గురించి ఏం తెలుసునయ్యా పంతులూ?' అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాశ్చాత్య సంగీతలిపి నాకు చదవడం రాదు. న్యూయార్క్ నైట్‌క్లబ్బుల గడప నేను తొక్కలేదు. భాషాప్రవీణ చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మేనల్లుడు తెచ్చి ఇచ్చిన సీడీని ఎన్నో సాయంత్రాలు విన్నవాణ్ణి. కాని ఒక మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పడం నా వృత్తిధర్మం. ఇక్కడ తగవు మాట గురించే కనుక నాకు ఆ మాత్రం అధికారం ఉన్నదనుకుంటాను.

ముందుగా ఆ ఆల్బమ్ పేరు చూడండి. 'కిన్స్‌మెన్' అన్నదాన్ని తెలుగు చేయమంటే పదిమంది పది రకాలుగా చేస్తారు. చుట్టాలు, బంధువులు, అయినవాళ్ళు, జ్ఞాతులు. నన్నడిగితే దాయాదులు అంటాను. దాయమంటే పంచుకోవలసిన పిత్రార్జితం. దానిలో వాటా తీసుకునేవాడు దాయాది. మన వ్యవహారంలో ఆ మాటకు కాస్త కారం తగిలింది. దాయాదుల మధ్య రక్తసంబంధమూ ఉంటుంది, గట్టు తగాదా కూడా ఉంటుంది. కేతన విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్రాన్ని తెనిగించిన పదమూడవ శతాబ్ది నుంచి నేటి కోర్టు పక్షుల దాకా తెలుగువాడికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆల్బమ్ మీద వచ్చిన మెచ్చుకోళ్ళు మాత్రం దీన్ని వియ్యం చేసిపారేశాయి. తూర్పు ఆడపెళ్ళివారు, పడమర మగపెళ్ళివారు. మధ్య సన్నాయి, పైన అక్షింతలు. సంగమం, వారధి, కలయిక వగైరా శుభలేఖ భాష అంతా అందులో ఉంది. వియ్యంకులకు పెళ్ళిరోజు వరకూ పరిచయమే ఉండనక్కరలేదు. దాయాదుల సంగతి అది కాదు. వారు ఒకే తాత సొత్తుకు వారసులు. ఇక్కడ తాత ఎవరయ్యా అంటే బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్. 1846లో పారిస్‌లో ఆయన తన పేరుతోనే ఒక వాద్యానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ శాక్సఫోన్ అనే సొత్తు ఒక శాఖలో చార్లీ పార్కర్ మీదుగా మహంతప్ప చేతికి వచ్చింది. మరొక శాఖలో మైసూరు రాజాస్థానపు బ్యాండు మీదుగా కద్రి చేతికి వచ్చింది. ఎవరి వాటా వారు వేరువేరుగా సేద్యం చేసుకున్నారు. తరువాత ఒకనాడు గట్టు మీద కలుసుకున్నారు. ఈ ఆల్బమ్ ఆ గట్టు మీది మాటామంతీ.

కద్రి గోపాల్‌నాథ్ గారు 1949లో దక్షిణ కన్నడ జిల్లాలో పుట్టారు. తండ్రి నాగస్వర విద్వాంసుడు. తాను చేపట్టవలసిన నాగస్వరాన్ని పక్కన పెట్టి, మైసూరులో విన్న బ్యాండు వాద్యం మీద మనసు పారేసుకున్నారు. శాక్సఫోన్ మీద గమకం పలికించడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. వేణువులో రంధ్రం మీద నేరుగా వేలు ఉంటుంది. సగం మూసి, జరిపి, స్వరాన్ని ఊపవచ్చు. శాక్సఫోన్‌లో వేలికీ రంధ్రానికీ మధ్య మీటలు, మూతలు ఉంటాయి. మూత తెరిచి ఉంటుంది, లేదా మూసి ఉంటుంది. మధ్యస్థితి ఆ యంత్రం ఎరుగదు. ఆయన వాద్యంలోనే కొన్ని మార్పులు చేసుకున్నారు. మిగిలినది పెదవితో, ఊపిరితో, ఏళ్ళ తరబడి సాధనతో సంపాదించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు. అదే ఏడాది 'డ్యూయెట్' చిత్రం ఆయన వాద్యాన్ని ఇంటింటికీ చేర్చింది. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబరులో మంగళూరులో కన్నుమూశారు.

మహంతప్ప 1971లో ఇటలీలోని ట్రియెస్టెలో పుట్టి, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు బౌల్డర్ పట్నంలో పెరిగారు. తలిదండ్రులు కర్ణాటక నుంచి వెళ్ళినవారు. తండ్రి భౌతికశాస్త్రాచార్యులు. పిల్లవాడు చెవిలో పోసుకున్నది చార్లీ పార్కర్‌ను. త్యాగరాజ కీర్తనల మీద పెరిగినవాడు కాదు. ఆయన పలుచోట్ల స్వయంగా చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. బాస్టన్‌లో బర్క్లీ సంగీత కళాశాలలో చదివేరోజుల్లో అన్నగారు వేళాకోళానికి ఒక ఆల్బమ్ బహూకరించారట. దాని పేరు 'శాక్సఫోన్ ఇండియన్ స్టైల్', వాయించినవారు కద్రి. నవ్వుకోవడానికి ఇచ్చిన వస్తువు ఆయన్ని నిలవేసింది. తరువాత 2007లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పుచ్చుకుని దక్షిణాది సంగీతాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఇరవయ్యేళ్ళు దాటినాక, వేరే సంగీతంలో చేయి తిరిగినాక, కష్టపడి నేర్చుకున్న విద్య అది. నెత్తుటిలో వచ్చినది కాదు.

నా కోపానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. 2009లో 'న్యూయార్కర్' పత్రికలో గ్యారీ గిడిన్స్ మహంతప్ప గురించి వ్యాసం రాశారు. జాజ్ విమర్శలో ఆయన పెద్దమనిషి. ఆ వ్యాసాన్ని నేను తప్పు పట్టను, అది శ్రద్ధగా విన్నవాడు రాసినదే. శీర్షిక దగ్గరే పేచీ. 'ఎ పాసేజ్ టు ఇండియా' అట! ఫార్‌స్టర్ 1924లో రాసిన నవల పేరు. ఆంగ్లేయుడికీ భారతీయుడికీ స్నేహం పొసగుతుందా అన్న ప్రశ్న చుట్టూ తిరిగే కథ అది. ఈ ఆల్బమ్‌లో ఆంగ్లేయుడెవరండీ? శాక్సఫోన్లు వాయించే ఇద్దరి మూలాలూ కర్ణాటకలోనే ఉన్నాయి. పోనీ మహంతప్ప ఇండియాకు 'ప్రయాణం' కట్టారనుకుందాం. అయితే జర్మన్ ఇంటిపేరున్న అమెరికన్ ఒకడు బాఖ్‌ను వాయిస్తే 'జర్మనీకి ప్రయాణం' అని శీర్షిక పెడతారా? పెట్టరు. అతడు సంగీతం వాయించాడంటారు. మన పేరున్నవాడు వాయిస్తే తన మూలాలు వెతుక్కున్నాడంటారు. వాడి శ్రమ అంతా వంశవృక్షం ఖాతాలో జమ అయిపోతుంది.

ఈ అవస్థ మహంతప్పకు బాగా తెలుసు. పేరు చూసి, రంగు చూసి, నీకు భారతీయ సంగీతం వచ్చే ఉంటుందిగా అని జనం ఆయన్ని ఏళ్ళ తరబడి వేధించారు. దానికి ఆయన చెప్పిన జవాబు 2004లో వచ్చిన 'మదర్ టంగ్' అనే ఆల్బమ్. భాష చెప్పుకుని బతికినవాణ్ణి కనుక అది నాకు మరీ ముచ్చటేసింది. 'నువ్వు ఇండియన్ మాట్లాడతావా?' అని అమెరికాలో మనవాళ్ళను అడుగుతుంటారు. 'ఇండియన్' అనే భాష ఒకటున్నట్టు! ఆయన ఆ ప్రశ్ననే అక్కడి భారతీయులను అడిగి, ఎవరి మాతృభాషలో వారు చెప్పిన సమాధానాలను రికార్డు చేసి, ఆ పలుకుల ఎత్తుపల్లాలనే స్వరాలుగా రాసుకుని రచనలు చేశారు. కన్నడం, గుజరాతీ అంటూ భాషల పేర్లే ఆ ఖండికలకు శీర్షికలు. మాట్లాడే భాషలో రాగం ఉంటుందని మనం పిల్లలకు చెప్పడం చెబుతాం, ఆయన తీసి చూపించారు. ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి నాలుగేళ్ళకు మరో ఆల్బమ్ చేస్తే మళ్ళీ అదే గాటన కట్టడం న్యాయమేనా?

నెత్తుటి సిద్ధాంతం ఎంత డొల్లదో తేల్చడానికి మరొక నిదర్శనం చాలు. అదే 2008లో ఆయనది 'ఆప్టి' అని ఇంకొక ఆల్బమ్ వచ్చింది. బృందం పేరు 'ఇండో-పాక్ కొయలిషన్'. పేరులోనే వెటకారం ఉన్నది, గమనించండి. అందులో గిటారు వాయించిన రెజ్ అబ్బాసీ కరాచీలో పుట్టి లాస్ ఏంజిలస్‌లో పెరిగినవారు. తబలా వాయించినది డాన్ వైస్ అనే అమెరికన్. మూలాల లెక్క వేస్తే గిటారు అమెరికన్‌కూ, తబలా ఉపఖండపు మనిషికీ పోవాలి. విద్య ఆ లెక్క వినదు. ఎవడు సాధన చేస్తే వాడిది.

ఇక 'ఇదివరకెన్నడూ లేని ప్రయోగం' అన్న పొగడ్త సంగతి. జాన్ కోల్ట్రేన్ 1961లోనే 'ఇండియా' అనే రచన రికార్డు చేశారు. 1966లో లండన్‌లో జో హారియట్, కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ కలిసి 'ఇండో-జాజ్ సూట్' తెచ్చారు. 1976లో 'శక్తి' మొదటి ఆల్బమ్ వచ్చింది. ఇది ఇంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు విన్నది చెబుతాను. కద్రి వాద్యం ఒక స్వరం నుంచి మరొక స్వరానికి నడవదు, జారుతుంది. తైలధార అని మన పెద్దలు వాడే ఉపమానం సరిగ్గా సరిపోతుంది. మహంతప్పది మొనదేలిన నాదం. స్వరాలు చురుకుగా, ఒకదాని మడమ ఒకటి తొక్కుతూ వస్తాయి. ఇద్దరిదీ ఒకే ఆల్టో శాక్సఫోన్. కళ్ళు మూసుకుని వినండి, రెండు నిమిషాల్లో ఎవరెవరో తెలిసిపోతుంది. ఇద్దరూ ఒకే వరుసను కలిపి వాయించేచోట్ల సొగసంతా అంచులు కలవకపోవడంలో ఉంది. ఒకరు స్వరాన్ని ఊపి దింపుతారు, మరొకరు తిన్నగా దిగుతారు. ఆ వెంట్రుకవాసి ఎడం చెవికి గుచ్చుకుంటుంది. ఫ్యూజన్ అంటే కరిగి ఒకటవడం కదా? ఇక్కడ ఏదీ కరగలేదు. కరిగి ఉంటే ఆల్బమ్ చెడిపోయి ఉండేది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. జాజ్‌లో పలుస్వరాలు ఒకేసారి పలికే గుచ్ఛాలు ఒకదాని తరువాత ఒకటి మారుతుంటాయి. వాయించేవాడు ఆ మార్పులను అనుసరిస్తూ అల్లుకుపోతాడు. మన రాగానికి ఆ గుచ్ఛాలతో పనిలేదు. ఆధారషడ్జం కదలకుండా ఉంటే దాని మీద రాగం నిలుస్తుంది. ఒకటి కదిలే నేల, రెండవది కదలని నేల. గిటారు, బాస్ ఎక్కువ కదిలితే కద్రికి కాలు నిలవదు. బొత్తిగా కదలకపోతే మహంతప్పకు ఊపిరాడదు. ఈ రచనలన్నీ ఆ రెంటి మధ్య బేరసారాలే. కొన్నిచోట్ల బేరం అద్భుతంగా కుదిరింది. కొన్నిచోట్ల కుదరలేదని కూడా చెబుతాను. రాయల్ హార్టిగన్ డ్రమ్స్ ఉధృతం అయినప్పుడు పూవలూరు శ్రీజీ మృదంగం అడుగున పడిపోతుంది. మృదంగపు తొప్పి మీద పలికే సన్నని గుంకారం ఇనుప తాళాల హోరులో వినబడదు. ఒక్కొక్కరికి విడిగా ఇచ్చిన ఆలాపనలు మరీ పొట్టివి. విస్తరిలో ముందు వేసిన ఉప్పులాగా ఉన్నాయి. ఒక విమర్శకుడైనా ఈ మాటలు రాసి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాను. తూర్పు పడమరల పెళ్ళి హడావుడిలో మృదంగం వినబడిందా లేదా అని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

రెండవ కోపం మన ఇంటివారి మీద. మా ఊళ్ళో ఒక సంగీతసభ పెద్ద ఉన్నారు, పేరు వద్దు. ఈ సీడీ వినిపిస్తానంటే చెవులు మూసుకున్నంత పని చేశారు. 'బ్యాండుమేళాన్ని కచేరీ అంటున్నారు, ఇప్పుడు నైట్‌క్లబ్బునీ అనమంటారా?' అన్నారు. ఆయన ఏ వాద్యం వింటూ పెరిగారో తెలుసునా? వయొలిన్! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవాటు చేయడానికి ముందు అది దొరల వాద్యమే. ముత్తుస్వామి దీక్షితులవారే ఇంగ్లీషు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. వారికి రాని మైల మనకెక్కడి నుంచి వచ్చింది? క్లారినెట్ వాయించే ఏ.కె.సి. నటరాజన్ గారికి మదరాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది ఏ సంవత్సరంలోనంటే, ఈ ఆల్బమ్ వచ్చిన 2008లోనే. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకుని లోకాన్ని గెలిచి, 2014లో చిన్నవయసులో వెళ్ళిపోతే మనమందరం కన్నీరు పెట్టుకున్నాం. మాండొలిన్ ఏ వేదంలో ఉందండీ?

చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించాడు. మిశ్రానికి శాస్త్రంలోనే చోటిచ్చాడు. ఒక తెలుగు మాటను తెచ్చి సంస్కృత పద్ధతిలో బలవంతాన అతికిస్తే వైరిసమాసమని మేము ఎర్రసిరాతో కొట్టేవాళ్ళం. అంటే కలపడం దోషం కాదు, పొసగకుండా కలపడం దోషం. కాబట్టి సభ పెద్దగారు అడగవలసిన ప్రశ్న, ఎందుకు కలిపారని కాదు, పొసగిందా అని. ఆ ప్రశ్నకు జవాబు వింటేనే దొరుకుతుంది. ఆయన వినలేదు.

దీనికి సరిగ్గా ఎదురుదిక్కున ఉన్నది 'మనవాడు' సంఘం. పేరులో రుద్రుడు కనబడితే చాలు, అమెరికావాళ్ళకు మన సంగీతం గొప్పతనం తెలిసివచ్చిందని ఛాతీ పొంగించుకుంటారు. మహంతప్ప తమ మొదటి నడక నేర్చినది చార్లీ పార్కర్ బాటలో. 2015లో 'బర్డ్ కాల్స్' అని ఆ మహానుభావుడికే ఒక ఆల్బమ్ అంకితం చేశారు. నల్లవారు వేదనలోంచి, వినోదంలోంచి, ఘోరమైన అవమానాల మధ్య నిర్మించుకున్న విద్య ఆయన అసలు పిత్రార్జితం. దాన్ని గుటుక్కున మింగేసి 'మనవాడు' అనడం కూడా దాయభాగపు దొంగతనమే.

సరే, మనవాడు మనవాడంటున్నారు కదా, మన అమ్మాయి సంగతేమిటి? ఈ ఆల్బమ్‌లో వయొలిన్ ఎవరిదో ఎందరు తెలుగువారికి తెలుసు? అవసరాల కన్యాకుమారి గారిది. విజయనగరం ఆడపడుచు. ఆ ఊరి సంగీత కళాశాల 1919లో వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ ఆచార్యులు, తరువాత అధ్యక్షులు. విజయనగరంలో నేను చదువుకునే రోజుల్లో ఆ కళాశాల మీదుగా నడిచి వెళ్తుంటే లోపలినుంచి పిల్లల సరళీస్వరాలు వీధిలోకి వినవచ్చేవి. కన్యాకుమారి గారు ఆ ఊళ్ళోనే ఇవటూరి విజ్జేశ్వరరావుగారి దగ్గర వయొలిన్ నేర్చారు. కంటిచూపు లేని ఆ గురువుగారు శిష్యుల చెవులకు కళ్ళు పెట్టేవారని చెప్పుకునేవారు. తరువాత మదరాసు చేరి ఎం. చంద్రశేఖరన్ గారి దగ్గర, ఎం.ఎల్. వసంతకుమారి గారి దగ్గర విద్య పెంచుకున్నారు. ఎమ్మెల్వీ గారి కచేరీలకు ఏళ్ళ తరబడి పక్కవాద్యం అందించారు. కద్రి శాక్సఫోన్‌కు సాటిగా ఆమె వయొలిన్ నిలబడిన జంట కచేరీలు ఎన్నో.

ఆల్బమ్‌లో ఆమె పని తెలుసుకోవాలంటే ఒక ఉపాయం చెబుతాను. రెండు శాక్సఫోన్ల వాగ్వాదం ముదిరినచోట వాటిని వదిలేసి, వయొలిన్‌ను మాత్రమే వెంబడించండి. కద్రి గమకానికి ఆమె అద్దం పడుతుంది. ఆ అద్దంలోంచి మహంతప్ప కూడా తన దారి చూసుకుంటున్నట్టు వినబడుతుంది. దాయాదుల పంపకంలో మధ్యన కూర్చుని, ఇద్దరి మాటా ఎరిగి, ఎవరి పక్షమూ వహించకుండా లెక్క నడిపే పెద్దముత్తైదువ లాంటి స్థానం ఆమెది. ఇద్దరు మగవాళ్ళు, రెండు మెరిసే ఇత్తడి వాద్యాలు బొమ్మకు బాగుంటాయి. నేను చదివిన అమెరికా సమీక్షల్లో ఆమెకు దక్కింది ఒక వాక్యం, మహా అయితే రెండు. తెలుగు పత్రికల్లో ఈ ఆల్బమ్ ప్రస్తావనే నా కంటబడలేదు. ఎక్కడో ఒక కంపెనీకి మనవాడు పెద్ద అధికారి అయితే వాడి తాతగారి ఊరి చెరువు ఫోటోతో సహా అచ్చువేసే పత్రికలు ఇవి.

2015లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 2016లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి నిచ్చింది. వయొలిన్ విదుషీమణుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటివారు ఆమే. ద్వారంవారికి అదే గౌరవం 1941లో దక్కింది. అంటే విజయనగరం వయొలిన్‌కు అది రెండవసారి చేరడానికి డెబ్బై అయిదేళ్ళు పట్టింది. మా ఊరి పెద్దలెవరైనా ఆ రెంటినీ కలిపి ఒక్క సభ చేశారేమోనని చూశాను. నా కంటబడలేదు.

ఆల్బమ్‌లో ఆమె ఒక్కరే వాయించిన చిన్న ఖండిక ఒకటుంది. దానికి 'కన్య-ఆలాప్' అని పేరు పెట్టారు. ఆలాప్ అన్నది హిందుస్తానీవారి మాట. మనది ఆలాపన. ఎర్రసిరా కలం చేతిలో ఉంటే అట్ట మీదనే దిద్దేవాణ్ణి. ముందు ఆ ఖండిక వినండి, తరువాత మిగతావి. విన్నాక నాతో తగవు పడదలచినవారు రాగం పేరెత్తి, వాయించినచోటు చూపించి తగవు పడండి. ఫ్యూజన్ అన్న మాట మాత్రం దయచేసి వాడవద్దు.